తాగని బొండం

ఆ ఏడాది మా ఊరి కబడ్డీ జట్టు ఎందుకలా ఆడిందో నాకు అప్పట్లో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైందా అంటే సగమే అయింది. నేను టెక్కలిలో డిగ్రీ చదివాను. పలాసలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. పానిపట్టులో ఎవరు ఎందుకు ఓడిపోయారో పిల్లలకు పాయింట్ల వారీగా రాయిస్తాను. మా జీడితోటల పక్కన, నా కళ్లెదుట, ఇసుక నేల మీద మావాళ్లు ఎందుకు ఓడిపోతున్నారంటే మాత్రం ఒక్క పాయింటు రాయలేకపోయాను.

ఓడిపోవడం మాకు కొత్త కాదు. సముద్రపొడ్డున ఉన్న ఉద్దానం ఊరు మాది. తుఫాను తోటను పడగొడితే మళ్లీ మొక్క నాటి, అది కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లం. ఓర్పు లేదని మమ్మల్ని ఎవరూ అనలేరు. కానీ ఎవరి వల్ల ఓడిపోతున్నామో చంటిపిల్లలకు కూడా తెలిసి, ఆ ఒక్కడినే ప్రతి ఆటకూ దింపుతుంటే దాన్ని ఓర్పు అంటారా?

ఆ ఒక్కడు మా ఆడపడుచు కొడుకు. నాకు అల్లుడి వరస. ఎడమ కార్నర్‌లో ఆడతాడు. కూతకొచ్చినవాడు బోనస్ గీత మీద కాలు పెట్టగానే చీలమండ పట్టుకుని కింద పడేయడం వాడి పని. అంతకుముందు ఏడాది దాకా ఆ పని ఎంత బాగా చేసేవాడంటే, పక్క ఊరి కూతగాళ్లు వాడున్న వైపు రాకుండా కుడివైపే తిరిగి వెళ్లిపోయేవారు. ఆ ఏడాది అదే మనిషి, అదే కాలు, అదే నేల. కూతగాడు ఇంకా గీత దగ్గరికి రాకముందే వీడు దూకేస్తాడు. గాలి పట్టుకుని లేస్తాడు. వాడు వీడి వీపు తట్టి నవ్వుతూ వెళ్లిపోతాడు.

వాడికి ముప్ఫై దాటింది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకుంటాడు. పెళ్లి కాలేదు. రెండు సంబంధాలు వచ్చి మాటల దగ్గరే ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన పని కూడా లేదు. వాడి తండ్రి మా ఉద్దానమంతటా ఉన్న కిడ్నీ జబ్బుతోనే పోయాడు. పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి తిప్పీ తిప్పీ మా ఆడపడుచు సగమైంది. మా వైపు పెళ్లిచూపులకు వచ్చిన పెద్దవాళ్లు కుర్రాడి మొహం కంటే ముందు పాదాలు చూస్తారు, వాపేమైనా ఉందేమోనని. ఆ ఏడాది ఇచ్ఛాపురం వైపు నుంచి మూడో సంబంధం వచ్చింది. పిల్ల తరఫువాళ్లు ఇంకా అవునని గానీ కాదని గానీ అనలేదు. ఇదీ పోతే మా ఆడపడుచు మరి కోలుకోదని ఇంట్లో అందరికీ తెలుసు.

అంచేత వాడి ఆట గురించి నోరు మూసుకోవాల్సింది నేనే. మూసుకోలేదు. మా ఇంట్లో ఆటకీ చుట్టరికానికీ వేరువేరు అరలుండాలని నా వాదన. మా ఆయన జట్టు కమిటీలో ఉన్నాడు గనక ఆయనకు ఆ మాట మరీ గట్టిగా చెప్పేదాన్ని.

మా ఊళ్లో ఎంపిక ఎలా జరుగుతుందో ఇక్కడే చెప్పాలి. ఏడుగురి పేర్లు ఎవరూ చదవరు, ఎక్కడా అంటించరు. ఆటకు ముందురోజు సాయంత్రం కమిటీవాళ్లు తోటలో ఏడు కొబ్బరి బొండాలు దింపించి, ఏడు ఇళ్లకు పంపిస్తారు. బొండం వచ్చిందంటే ఆడుతున్నట్టు, రాలేదంటే లేనట్టు. మర్నాడు ఆటకు బయల్దేరే ముందు ఆటగాడు వాకిట్లో నిలబడి, వీధంతా చూస్తుండగా ఆ బొండం కొట్టించుకుని తాగుతాడు. ఖాళీ బొండాన్ని గుమ్మం పక్కన బోర్లించి వెళ్తాడు. ఆట అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఊడ్చేవాళ్లు కూడా చుట్టూ ఊడ్చుకుని పోతారు. "బొండమొచ్చిందేటి?" అని అడిగితే మా ఊళ్లో ఎవరూ దాహం సంగతి అనుకోరు.

ఆ ఏడాది ప్రతి ఆటకూ వాడింటికి బొండం వెళ్తూనే ఉంది.

టెక్కలి కాలేజీ గ్రౌండులో ఆట ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మావాళ్లు ట్రాక్టర్ల మీద, ఆటోల మీద వచ్చారు. నా పక్కన మా ఎదురింటామె. జీడిపిక్కల మీద పొర తీసే పని చేస్తుంది, ఆదివారం చర్చికి వెళ్తుంది, మిగతా రోజులు నాతో పోట్లాడుతుంది. నేను వయసులో చిన్నదాన్నే అయినా నన్ను 'టీచరమ్మా' అంటుంది, నేను ఆమెను 'వదినా' అంటాను. కబడ్డీకి ఇద్దరం కలిసే వెళ్తాం. గట్టిగా అరవాలంటే పక్కన ఒక తోడుండాలి.

మొదటి సగంలోనే మా అల్లుడి వైపు నుంచి కూతగాడు బోనస్ తీసుకుని, వాడిని ముట్టుకుని, ఇంకొకడిని కూడా ముట్టుకుని వెళ్లిపోయాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఒరే అల్లుడా! కాలట్టుకోమంటే గాలట్టుకుంటన్నావేట్రా! ఆడు రాకుండానే నమస్కారం పెడతన్నావేటి!"

అవతలి ఊరివాళ్లు పగలబడి నవ్వారు. మావాళ్లు నవ్వలేదు. అంతకంటే వింత జరిగింది. మా వీధి మగాళ్లు, అంతకుముందు ఏడాది ఒక్క తప్పు చేస్తే తల్లిని తిట్టినవాళ్లు, చప్పట్లు కొట్టారు. "పర్లేదు నాయనా, పర్లేదు!" అన్నాడొక ముసలాయన. అవుటై బయట కూర్చున్న వాడికి ఒకతను తువ్వాలు తెచ్చి వీపు మీద కప్పాడు.

"వదినా, ఓడినోడికి సప్పట్లేటి?" అన్నాను.

ఆమె నా మొహం చూసి, చూపు తిప్పేసుకుంది. "కూకో టీచరమ్మా. ఊరుకో. పాపం."

"పాపమేటి? ఆడికేటైనా పసిగుంటడనుకున్నావా? నాలాటోళ్లిద్దరిని ఎత్తి కుదేత్తాడు."

"ఊరుకోమంటన్నాను కదా."

ఈమె నన్ను ఊరుకోమనడం అదే మొదటిసారి. ఎప్పుడూ నాకంటే రెండు తిట్లు ఎక్కువే తిట్టేది.

ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన బండి వెనక కూర్చుని హైవే పొడుగునా అడిగాను.

"ఏటండీ, మీ ముగ్గురు కమిటీవోల్లకీ కళ్లున్నాయా? ఆ వలల వీధి కుర్రోడున్నాడు. ఆడి పట్టు సూసినారా? ఉడుం పట్టు. ఆడినెందుకు దింపరు?"

"గాలికి ఇనపళ్లేదు."

బండి ఆపించి అడిగాను. అప్పుడు వినపడింది.

"ఉండనీసే. ఈ ఒక్కేడాదికీ ఉండనీ."

"ఎందుకుండనీవాల? మేనల్లుడనా? ఊరోల్లు నా మొహమ్మీద ఉమ్మేత్తారు, మేనమావ కమిటీలో ఉన్నాడని ఆడిత్తన్నారని!"

"ఎవులూ అలగనరు."

"మరేటంటారు?"

ఆయన బండి స్టార్టు చేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు జవాబు చెప్పకపోవడం కొత్త కాదు. కానీ ఎప్పుడూ ఓడిపోయి ఊరుకునేవాడు. ఈసారి ఏదో దాచుకుని ఊరుకున్నాడు. ఆ రెండు ఊరుకోవడాలకూ తేడా భార్యకు తెలుస్తుంది.

సరే, ఆయన మెత్తటి మనిషి, మేనల్లుడి మీద ప్రేమ అనుకున్నాను. మరి డ్రిల్లు మాస్టారు? కమిటీకి పెద్ద ఆయనే. ఆలస్యంగా వచ్చాడని సొంత కొడుకునే ఒకసారి జట్టు నుంచి తీసేసిన మనిషి. మర్నాడు ఉదయం బస్టాపులో పట్టుకున్నాను.

"సార్, ఒక్క కారణం చెప్పండి. ఒక్కటి చాలు."

ఆయన బడి తెలుగులోనే మాట్లాడతారు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "కొన్ని కారణాలు చెప్పేవి కావమ్మా."

"పోనీ చెప్పకపోయినా నాకు తెలిసేవేనా?"

"నీకు తెలియకపోతేనే మంచిది," అని, నా బస్సు కానిది ఏదో వస్తే దాన్నెక్కి వెళ్లిపోయారు. అది మందస వెళ్లే బస్సు. ఆయనకు మందసలో పనేమిటో నాకు తెలియదు. ఆయనకు కూడా తెలియదనే అనుకుంటాను.

తరువాతి ఆటలోనూ అంతే. బొండం వెళ్లింది, వాడొచ్చాడు, గాలి పట్టుకున్నాడు, చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినకొద్దీ వాడు ఇంకా ముందే దూకుతున్నాడు. ఒకసారి ఇద్దరం ఎదురుపడితే, "అత్తా, నువ్వొక్కదానివే తిడతన్నావు," అన్నాడు. నిష్ఠూరమో మెచ్చుకోలో తెలియలేదు. వాడి మొహంలో కూడా నాకున్న అయోమయమే కనిపించింది.

"తిట్టక ముద్దెట్టుకుంటారేట్రా? ఏటైంది నీకు?"

"ఏటో తెలీదత్తా," అని వెళ్లిపోయాడు.

అసలు సంగతి నాకు మా సొంత మైదానంలో ఆట ఉన్న ఆదివారం ముందురోజు తెలిసింది. రేపటి ఆటకు ఇచ్ఛాపురం నుంచి పిల్ల తండ్రి వస్తున్నాడని, ముందు ఇంటికొచ్చి కాఫీ తాగి, ఆట చూసి వెళ్తాడని మా ఆడపడుచు కబురు పంపింది. సంబంధం తేలే రోజు. అలాంటి రోజున వీడిని దింపి, కాబోయే మావగారి ముందు వీపు తట్టించుకోనివ్వడం ఏమిటని నేను ఎదురింటి వదిన దగ్గర మొత్తుకుంటున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది.

"దిగులెట్టుకోకు టీచరమ్మా," అంది. "మా సంఘంలో ప్రార్థన పెట్టించినాను నీ అల్లుడికోసం. మూడు వారాలై సేత్తన్నారు."

నాకు నవ్వొచ్చింది. "ఆడి ఆటకా? దేవుడికి మరే పనీ లేదేటి?"

ఆమె చేట కింద పెట్టింది. "ఆటకేటి. ఆ కిడ్నీలకి."

ఎవరి కిడ్నీలకని అడిగాను.

"నీకు నిజంగా తెలీదేటి? నాకాడ నటిత్తన్నావనుకున్నాను. ఊరంతటికీ తెల్సు. బొండం తాగడం మానీసినాడు కదా ఆడు. సీజను మొదలైన కాణ్నుంచి ఆడి వాకిట్లో బోర్లించిన బొండం ఒక్కటైనా సూసినావా? డాక్టర్లు మొట్టమొదట ఒద్దన్నీది కొబ్బరినీళ్లే కదా. ఆడి బాబుకీ అలగే కదా మొదలైంది."

నేను చూడలేదు. వాళ్ల వీధి వేరు. ఆటరోజు ముందు వరసలో చోటు పట్టుకోవాలని నేను నేరుగా మైదానానికే వెళ్తాను. మా ప్రాంతంలో ఆ జబ్బు వచ్చినవాళ్లకు కొబ్బరినీళ్లు ఆపేస్తారని పిల్లలకు కూడా తెలుసు. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని ఆ నీళ్లు తాగలేని మనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. అంచేత మా ఊళ్లో ఒక మనిషి బొండం తాగలేదంటే దానికి ఇంకో అర్థం వెతకరు. రిపోర్టు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు.

అప్పుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. చప్పట్లు, తువ్వాలు, డ్రిల్లు మాస్టారి గొడుగు. ఇప్పుడు వాడిని జట్టులోంచి తీస్తే ఊరూరా డప్పు కొట్టినట్టే. ఆడలేకపోతున్నాడు, బొండం కూడా ఆగిపోయింది, ఇంకేముంది, సంబంధం పోతుంది. అందుకని కమిటీ ఆటలు పోగొట్టుకుని వాడిని కాపాడుతోంది. మా ఊరు జట్టునే ఇచ్చేసింది.

ఇంటికెళ్లి మా ఆయన్ను అడిగాను. తల దించుకున్నాడు.

"నీకు సెప్తే ఏటవుద్దో తెల్సు కదా. నీ నోట్లో నువ్వుగింజ నానదు."

"ఆడినడిగినారా?"

"ఎలగడుగుతాను? ఒరే, నీ బాబు జబ్బే నీకూ వచ్చిందేట్రా అనా? అక్క మొహం సూత్తా?"

"ఎవులైనా అడిగినారా?"

ఎవరూ అడగలేదు. ప్రార్థన చేశారు, చప్పట్లు కొట్టారు, బొండాలు పంపారు. అడగడం మాత్రం మర్యాద కాదనుకున్నారు. నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రేపొచ్చే ఇచ్ఛాపురం మనిషి చెవిన ఈ సంగతి పడలేదని నమ్మకమేమిటి?

మర్నాడు వంటావార్పూ వదిలేసి మా ఆడపడుచు ఇంటికి వెళ్లాను. వాడితో ఒంటరిగా మాట్లాడాలనుకున్నాను. కానీ పిల్ల తండ్రి పొద్దున్న రైలుకే దిగి అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, భుజం మీద కండువా. పక్కన మా ఆయన, డ్రిల్లు మాస్టారు. మా ఆడపడుచు గుమ్మంలో నిలబడి కొంగు నలుపుతోంది. వీధిలో జనం పనున్నట్టు నడుస్తూ, పనిలేనట్టు ఆగుతున్నారు. పెద్దమనిషి చేతిలో బొండం, మా ఆయన చేతిలో బొండం. అరుగు చివర కత్తి పక్కన ఇంకొకటి, కొట్టనిది. రాత్రి కమిటీ పంపిన బొండం.

మా అల్లుడు లోపల్నుంచి జెర్సీ వేసుకుని వచ్చాడు. పెద్దమనిషి వాడి పాదాలు చూశాడు. నేను చూస్తున్నాను గనక నాకు తెలుసు, చూశాడు. వాడు అరుగు చివర బొండం తీసుకుని, కొట్టించుకోకుండా, ఇంటి పక్క సందువైపు నడిచాడు. అక్కడ వలల వీధి కుర్రోడు నిలబడి ఉన్నాడు.

వీధి మొత్తం ఇంకో వైపు చూసింది. ఇంతమంది ఒకేసారి ఆకాశం చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరే, ఆగు," అన్నాను.

మా ఆయన, "ఓలె, ఇప్పుడు కాదు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇప్పుడే. ఒరే అల్లుడా, ఆ బొండం ఎక్కడికట్టుకెల్తన్నావు? వాకిట్లో తాగాల కదా. తాగు."

"ఒద్దత్తా."

"ఎందుకొద్దు?"

"ఒద్దన్నాను కదా అత్తా. ఒగ్గీ."

మా ఆడపడుచు, "ఓలమ్మా, నీకు దణ్ణం పెడతాను," అంది. ఆ గొంతు వింటే నేనే ఆగిపోవాల్సింది. కానీ ఆగిపోతే ఆ మాట ఆ వాకిట్లోనే, ఆ పెద్దమనిషి ముందే, బోర్లించిన బొండంలా ఉండిపోతుంది. ఎవరూ ముట్టుకోరు.

"కారణం సెప్పి అప్పుడట్టుకెల్లు," అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. విసురుగా అన్నాడు. "ఆటొచ్చినోడు తాగాల బొండం. నానాడతన్నది ఆటేటి? నువ్వే అన్నావు కదా, గాలట్టుకుంటన్నానని. నిజమే. కాలు బేగి లేచిపోతంది. ఎందుకో తెలీదు. పొద్దున్నే లేచి తోటలో ఒక్కడినే ప్రాక్టీసు సేత్తన్నాను, అక్కడ బానే ఉంటంది. బరిలోకొత్తే మల్లీ అంతే. తీసేయండని సెప్పడానికి నాకు సిగ్గు. మావ పంపించిన బొండం ఎనక్కి పంపితే మావకి అవమానం. అందుకని ఆడాల్సినోడికే ఇత్తన్నాను. ఈడు తాగుతన్నాడు, నాను ఆడతన్నాను. అంతే కదా."

సందులో ఉన్న కుర్రోడు అప్పుడే పక్షవాతం వచ్చినట్టు నిలబడిపోయాడు. "అన్నా, నీకు నీళ్లు పడవని కదా నాకిత్తన్నావనుకున్నాను!"

"పడకపోడమేట్రా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. "అంటే డాక్టరొద్దనలేదా?"

"ఏ డాక్టరు మావా?"

ఎవరూ చెప్పక్కర్లేకుండానే వాడికి మెల్లగా అర్థమైంది. తల్లి మొహం చూశాడు, డ్రిల్లు మాస్టారి మొహం చూశాడు, వీధి చూశాడు. వాడి మొహం ఎర్రబడింది. "అందుకా సప్పట్లు! సచ్చినోల్లారా! ఆ సప్పట్లెందుకు కొడతన్నారో తెలీకే కదా సగం తప్పులు సేసినాను! ఏడిపిత్తన్నారనుకున్నాను!"

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. మా ఆడపడుచు అక్కడే గుమ్మంలో కూలబడింది. ఆమెకు కూడా ఎవరో చెప్పారు, ఆమె కూడా కొడుకును అడగలేదు. మూడు నెలలై కూరలో ఉప్పు తగ్గించి వండుతోందట. వాడు ఉప్పు సరిపోలేదని కసురుకుంటే లోపలికెళ్లి ఏడ్చేదట.

అప్పుడు అందరికీ అరుగు మీద ఇంకొకాయన ఉన్నాడని గుర్తొచ్చింది. ఇచ్ఛాపురం పెద్దమనిషి బొండం కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"బావగారూ," అన్నాడు మా ఆయనతో, "నాకీ జబ్బు సంగతి తెలీదు. ఉద్దానం కదా, కాళ్లు సూసినాను, దాయను. నా దిగులు ఏరే. టెక్కల్లో ఈ బాబు ఆట సూసినాను. ఎవలికీ సెప్పకుండా ఒచ్చి సూసినాను. అంత సెడ్డాట ఆడీవోడిని మల్లీ మల్లీ దింపుతన్నారంటే ఏటనుకుంటాం? కమిటీలో మేనమావున్నాడు, మావ సెయ్యట్టుకుని నడిసీ బాబనుకున్నాను. రేపు ఏది కావాలన్నా సొంతంగా సెయ్యలేడు, మావ సెయ్యాల. అలాటోడికి పిల్లనెలగిత్తాం? కాదని సెప్పీసి పోదామనే ఒచ్చినాను."

నేను మా ఆయన వైపు చూశాను. టెక్కలి రోడ్డు మీద నేనన్న మాటే. ఆయన నా వైపు చూడలేదు.

డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నారు. చాలాకాలానికి ఆయన గొంతులో ఆ పాత మాస్టారు వినిపించాడు. "ఒరే, నువ్వు చాలా చెడ్డగా ఆడుతున్నావు. ఈ రోజు బయట కూర్చో."

"అలగే సారూ," అన్నాడు వాడు. వాడి భుజాలు కిందికి దిగాయి. సీజను మొదలైనప్పటి నుంచీ వాడు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు.

కమిటీ బొండం వలల వీధి కుర్రోడు తీసుకెళ్లాడు, సొంత వాకిట్లో నిలబడి తాగడానికి. మా ఆయన ఇంకో బొండం కొట్టి మేనల్లుడికి ఇచ్చాడు. వాడు తలెత్తి గటగటా తాగాడు. జెర్సీ మీద నీళ్లు కారుతున్నాయి. వీధిలో నడిచేవాళ్లు ఆగి, ఆగినవాళ్లు దగ్గరికొచ్చి, వాడి గొంతు కదలడం చూశారు. ఒక బొండం తాగడానికి అంతమంది ప్రేక్షకులుండటం నేను ఎరగను. మా ఆడపడుచు మాత్రం చూడలేదు. లోపలికెళ్లి కూరలో ఉప్పు వేస్తోంది.

ఇక మధ్యాహ్నం ఆట. ఇక్కడితో మా కష్టాలు గట్టెక్కాయని, కుర్రోడు వచ్చి ఉడుం పట్టు పట్టాడని, మేం గెలిచామని రాయాలని నాకూ ఉంది. ఓడిపోయాం. కుర్రోడు బాగానే ఆడాడు. ఎడమవైపు గట్టిపడగానే కూతగాళ్లు కుడివైపు తిరిగారు. ఆ ఏడాదే కొత్తగా చేరిన కుడి కార్నర్ వాడు అంతకాలం ఎవరూ తన వైపు రాకపోవడంతో మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నాడని అప్పుడు తెలిసింది. రెండో సగంలో నేను లేచి, "మా అల్లుడుంటే ఇలగయ్యీదా?" అని అరిచాను. నా పక్కన వదిన నన్ను నోరు తెరుచుకుని చూసింది.

"నువ్వే కదే తీసీమన్నావు!"

"తీసీమన్నాను. ఐతే?"

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. వాడు ఉంటే ఇంకా ఘోరంగా ఓడిపోయేవాళ్లం. నాకు తెలుసు. తెలిసే అరిచాను. వాడు మా ముందు వరసలో ఆ పెద్దమనిషి పక్కన కూర్చుని, మోచెయ్యి ఊపుతూ చీలమండ ఎక్కడ పట్టుకోవాలో వివరిస్తున్నాడు. ఆయన కండువా తీసి ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి వింటున్నాడు.

"ప్రార్థన ఎనక్కి తీసుకోవాలేటి మరి?" అంది వదిన.

"ఉంచు. జట్టుకి మార్పించు."

సాయంత్రం రైలెక్కే ముందు ఆయన మా ఆడపడుచుతో, ఆడవాళ్లను తీసుకుని వచ్చే వారం వస్తామన్నాడు. వేసవిలో పెళ్లయింది. వాడు బొండం చూపించడానికి తాగాడని, తరువాత ఇంటి వెనక కక్కేశాడని చెప్పుకున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్లకు నేనేం చెప్పగలను? పెళ్లిలో వాళ్లే ముందు వరసలో కూర్చుని భోంచేశారు.

మళ్లీ ఆటలు మొదలయ్యాయి. మొన్న మొదటి ఆటరోజు ఉదయం వాడు బండి మీద మా ఇంటికొచ్చాడు. వెనక భార్య. ఆ పిల్ల ఒళ్లో బొండం.

"అత్తా, బొండమొచ్చింది," అన్నాడు.

"మరింకేట్రా?"

"ఎందుకొచ్చిందో సెప్పు. ఆటొచ్చిందని పంపినారా? పోయినేడాది నన్నలగనుకున్నారని సిగ్గుపడి పంపినారా? కొత్త పెళ్లికొడుకునని పంపినారా? మావ ఇప్పించినాడా?"

లోపలికెళ్లి మా ఆయన్ను అడిగాను. ఆయన సెల్‌ఫోన్‌లో వార్తల సౌండు పెంచుకున్నాడు. డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేశాను. "కొన్ని కారణాలు చెప్పేవి కావమ్మా," అని మొదలుపెట్టారు. సగంలోనే పెట్టేశాను.

వాకిట్లోకి వచ్చాను. వాడు నా మొహం చూస్తున్నాడు. తోటలో వాడి ప్రాక్టీసు చూసినవాళ్లు బాగుందంటున్నారు. పోయినేడాదీ తోటలో బాగానే ఉండేదట. వలల వీధి కుర్రోడికి బొండం వెళ్లిందో లేదో నాకు తెలియదు. ఇద్దరిలో నేనైతే ఎవరిని దింపుతానో, నిజం చెప్పాలంటే, అదీ తెలియలేదు.

"నాకేటి తెల్సురా," అన్నాను. "ముందు తాగు. ఆట సూసి సాయంత్రం తిడతాను."

వాడు మా వాకిట్లోనే నిలబడి తాగాడు. ఖాళీ బొండాన్ని మా గుమ్మం పక్కన బోర్లించి, పెళ్లాన్ని ఎక్కించుకుని మైదానానికి వెళ్లిపోయాడు. నేను చీర మార్చుకుని, వదినను కేకేసి, దాని పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని బయల్దేరాను.